అదే 39 శాతం

2019 శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు పడ్డాయి, 23 సీట్లు దక్కాయి. 2024లో వైసీపీకి పడినవీ 39 శాతం పైచిలుకే, మిగిలింది మాత్రం 11 సీట్లు. రెండుసార్లూ పదిమందిలో దాదాపు నలుగురు ఓడిన పార్టీ వెంటే నిలిచారన్న సంగతి ‘ప్రభంజనం’ అన్న హోరులో ఎవరికీ వినబడలేదు. సీట్ల పట్టికలో కనిపించేది జనం మనసు కన్నా, ఓట్లు ఎటు చీలాయి, ఎవరు ఎవరితో కలిశారు అన్న లెక్కే. ఇందుకు విశాఖపట్నం లోక్‌సభ స్థానాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు.

2019లో ఇక్కడ ముక్కోణపు పోటీ. వైసీపీ అభ్యర్థి ఎం.వి.వి. సత్యనారాయణకు 4,36,906 ఓట్లు, తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్‌కు 4,32,492, జనసేన నుంచి నిలబడ్డ మాజీ పోలీసు అధికారి వి.వి. లక్ష్మీనారాయణకు 2.88 లక్షలు. పోలైన ఓట్లలో మూడో వంతుకు కాస్త మించి తెచ్చుకున్న అభ్యర్థి 4,414 తేడాతో ఢిల్లీ వెళ్లారు. అయిదేళ్ల తర్వాత అదే శ్రీభరత్, ఈసారి తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి అభ్యర్థిగా, 5,04,247 ఆధిక్యంతో గెలిచారు. వైసీపీ కుప్పకూలిందనుకుంటాం. కానీ ఆ పార్టీ అభ్యర్థి బొత్స ఝాన్సీకి 4.03 లక్షలు వచ్చాయి. అంటే పార్టీ పోగొట్టుకున్నది 34 వేల లోపే! అలాగని జనాభిప్రాయం కదల్లేదనలేం. పాత తెలుగుదేశం, జనసేన ఓట్లు కలిపినా 7.21 లక్షలే, శ్రీభరత్‌కు తొమ్మిది లక్షలు దాటాయి. గాలి వీచిన మాట నిజమే. దాన్ని తుఫానుగా చూపించింది మాత్రం లెక్కింపు పద్ధతి.

ఐర్లండ్‌లో ఇంకో తీరు. అక్కడి దిగువ సభలో 174 స్థానాలున్నా నియోజకవర్గాలు 43 మాత్రమే, ఒక్కోదానికి ముగ్గురి నుంచి అయిదుగురు ప్రతినిధులు. ఓటరు తనకు నచ్చిన వరుసలో 1, 2, 3 అంకెలు వేస్తాడు. 2024 నవంబరు 29 ఎన్నికల్లో 21.9 శాతం మొదటి ప్రాధాన్య ఓట్లు తెచ్చుకున్న ఫియానా ఫాల్‌కు 48 సీట్లు, 20.8 శాతంతో ఫినా గేల్‌కు 38, 19 శాతంతో షిన్ ఫెయిన్‌కు 39 వచ్చాయి. తక్కువ ఓట్లకు ఒక సీటు ఎక్కువ రావడం చూస్తే ఇదీ తూకం తప్పని పద్ధతేం కాదు. అయితే 39 శాతం ఓట్లున్న పార్టీ 175లో 11కి కుంచించుకుపోవడం అక్కడ ఊహకందని విషయం. విశాఖ నగరంలోని నాలుగు శాసనసభ స్థానాలను, గాజువాకను కలిపి అయిదు సీట్ల నియోజకవర్గం చేశామనుకోండి. ఆరో వంతును మించిన ఓట్లున్న పార్టీకి ఒక సీటు ఖాయం. 2024లో ఈ అయిదూ కూటమివే. 2019లో రాష్ట్రమంతా 151 గెలిచిన వైసీపీకి ఆ నాలుగు నగర స్థానాల్లో ఒక్కటీ దక్కలేదు. కాబట్టి ఈ మార్పు ఏదో ఒక పార్టీకి మేలు చేసేందుకని అనుమానించనక్కర్లేదు.

సామాన్య ఓటరుకు ఇదంతా గందరగోళమని అంటారు. ఉత్తరాంధ్రకు ఈ లెక్క కొత్త కాదు. 2023లో ఇక్కడి పట్టభద్రుల ఎమ్మెల్సీగా వేపాడ చిరంజీవిరావు గెలిచింది రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాకే. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన వి.వి. గిరి 1969లో నీలం సంజీవరెడ్డిని ఓడించి రాష్ట్రపతి అయిందీ అలాగే. పట్టభద్రుల ఎన్నికల్లోనే చెల్లని ఓట్లు వేలల్లో పడుతున్న మాటా నిజమే. అది నేర్పితే తీరే ఇబ్బంది. ప్రభుత్వం ఏర్పడటంలో జాప్యం అంతకన్నా గట్టి అభ్యంతరం. ఐర్లండ్‌లో నవంబరులో ఓట్లు పడితే ఫియానా ఫాల్ నాయకుడు మైకేల్ మార్టిన్ ప్రధాని అయింది జనవరి 23న, అదీ పాత ప్రత్యర్థి ఫినా గేల్‌తో, కొందరు స్వతంత్రులతో కలిసి. ఆ రెండు నెలలు నష్టమే. కానీ శాసనసభలో ప్రశ్నించే గొంతులు పదకొండుకు తగ్గితే అయిదేళ్లపాటు జరిగే నష్టం ఇంకా పెద్దది. ఇక ఐరిష్ ప్రజలు ఈ పద్ధతిని భరిస్తున్నారా, కోరుకుంటున్నారా అన్నదానికి వాళ్లే జవాబు చెప్పారు. అతిపెద్ద పార్టీ ఫియానా ఫాల్ దీన్ని తీసేయాలని రెండుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది. 1959లో ఒకే రోజున ఆ పార్టీ నాయకుడు డి వలేరాను అధ్యక్షుడిగా ఎన్నుకుని, ఆయన ప్రతిపాదనను తిప్పికొట్టారు. 1968లో మళ్లీ అడిగితే మళ్లీ వద్దన్నారు.