ఆగని చేప - ఆగని గాలం

మన కొండల్లో చేపల వేట అంటే గెడ్డ ఒడ్డున కూర్చుని గాలం వేయడం. ఎర గుచ్చి, బెండు మునిగేదాకా కదలకుండా ఓపిక పట్టాలి. అరకు నుంచి రైలెక్కి దిగితే వచ్చే విశాఖ సముద్రంలో ట్యూనా చేప ఇలా దొరకదు. దాన్ని పట్టే పద్ధతుల్లో ఒకటి ట్రోలింగ్. అంటే నడిచే పడవ వెనుక గాలాలను లాగుతూ వేటాడటం. వల ఈడ్చే ట్రాలింగ్ వేరు, ఇది వేరు.

పడవ ఎందుకు ఆగకూడదు? జవాబు చేప శరీరంలోనే ఉంది. చాలా చేపలు ఉన్నచోటే ఉండి నోటితో, మొప్పల మూతలతో నీటిని పంపు చేసుకుని ఊపిరి తీసుకుంటాయి. ట్యూనాకు అది చాలదు. నోరు కాస్త తెరిచి ఈదుతూనే ఉండాలి, అప్పుడే మొప్పల గుండా నీరు పారుతుంది. ఆగితే ఊపిరాడదు. పైగా దాని కండరాలు చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంటాయి, అందుకే అంత వేగం. పసుపు రెక్కల ట్యూనా 100 కిలోలు దాటి కూడా పెరుగుతుంది. పారిపోయే చిన్న చేపలను, కండవాలను తరిమి తినడం దాని అలవాటు.

కాబట్టి ఎర కూడా పారిపోతున్నట్టే కనబడాలి. ఈకలతోగాని, రబ్బరు కుచ్చులతోగాని చేసిన ఉత్తుత్తి ఎరలో గాలం దాచి, గంటకు సుమారు 10 నుంచి 15 కి.మీ. వేగంతో లాగుతారు. ఎర నురగలో మునుగుతూ తేలుతూ వస్తుంది. దారాలు చిక్కుపడకుండా పడవకు రెండు వైపులా పొడవైన కర్రలు చాపి కడతారు. ఎర గిరగిర తిరిగినా దారం మెలిపడకుండా మధ్యలో తిరిగే లంకె ఉంటుంది. చేప పళ్లకు, ఒరిపిడికి తట్టుకునేలా గాలం దగ్గర మందమైన నైలాన్ దారం కడతారు. ఎక్కడ వెతకాలో పక్షులు చెబుతాయి. అవి గుంపుగా నీటిమీద వాలుతుంటే కింద చేపల గుంపు ఉన్నట్టే.

చేప పడ్డాక పని మొదలవుతుంది. దారం చేతికి చుట్టుకుంటే పెద్ద చేప మనిషినే సముద్రంలోకి లాగేయగలదు. పడవలోకి ఎక్కించిన వెంటనే రక్తం తీసేసి, పేగులు తొలగించి, ఐసులో పెట్టాలి. వెచ్చగా వదిలేస్తే బాక్టీరియా వల్ల హిస్టమిన్ అనే విషం తయారవుతుంది. వండినా అది పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. ఐసు సరిగా లేకపోతే రోజంతా పడ్డ కష్టానికి ధర పడిపోతుంది. ప్రాణాలకు తెగించి పట్టిన చేప విలువ చివరికి ఐసు దగ్గర తేలుతుంది!

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఈ నియమం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ పని తీరంలో పుట్టినవారికే అనుకోవద్దు. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్ శాఖ ఉంది. పదో తరగతి పాసైనవారికి బోటు నడపడంలో, బోటు ఇంజిన్ల పనిలో రెండేళ్ల శిక్షణ ఇస్తుంది. లెక్కల్లో, సైన్సులో మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. మన ఇళ్లలో ఇలాంటి కబురు చెప్పేవారు తక్కువ. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మొప్పల పాఠం పరీక్షకే కాదు, బతుకుతెరువుకు కూడా పనికొస్తుంది.