జనుల నడుమ ఒంటరితనము

ఏకాంతము, ఒంటరితనము అను రెండు మాటలను మనము తఱచుగా ఒకే యర్థమున వాడుచుందుము. కాని యవి రెండును వేఱు. ఏకాంతమును మనము కోరి తెచ్చుకొందుము. జపమునకును పఠనమునకును అది కావలసినదే. ఒంటరితనము కోరకయే వచ్చి పడును. చుట్టును పదిమంది మెలగుచున్నను, నన్ను తమవానిగా నెంచువారెవరును లేరను వేదన లోపల తొలుచుచుండుటకే ఆ పేరు. కొన్నినాళ్లుండి తొలగునదైనచో చింతిల్లవలసిన పని లేదు. ఆకలి మనలను అన్నముకడకు నడపునట్లు అది తోడివారికడకు నడపును. ఏండ్లతరబడి పాతుకొనిపోయినప్పుడు మాత్రము చికిత్స వెదకవలసివచ్చును. అట్టి చికిత్స యొకటి కలదు. అందు మందుబిళ్లలు లేవు. మాటలును, వ్రాతయు, కొంత సాహసమును మాత్రమే యుండును. దానిని గూర్చి నేనెఱిగినంత మనవి చేసెదను.

నేను నల్లగొండ జిల్లాలో తెలుగు పండితుడనుగా ముప్పదియేండ్లకు పైగా పనిచేసి విరమించినవాడను. నా భార్య గతించిన పిదప మా యబ్బాయి నన్ను ఎల్.బి. నగరునకు తీసికొనివచ్చెను. మీలో ననేకులు ఆ చోటెఱుగుదురు. విజయవాడ బాటను వచ్చు బస్సులు అచ్చట ఆగును. 2018 సెప్టెంబరు మొదలు మెట్రో రైలును అచ్చటివఱకు వచ్చుచున్నది. నడుమ రెండు స్టేషనులు దాటినచో దిలుసుఖనగరు. మీ మనుమలు పోటీపరీక్షల శిక్షణకై వచ్చి, హాస్టలు గదులలో నలుగురైదుగురు చొప్పున ఇఱుకుకొని యుండునది ఆ ప్రాంతముననే. ఇంత జనసమ్మర్దమున ఒంటరితనమునకు చోటెక్కడిదని తోచును. నాకును అట్లే తోచెను.

ఒకనాడు మెట్లపై ఎదురైన పొరుగింటి యువకుని పలుకరించితిని. అతడు బదులు పలుకక దిగిపోయెను. పల్లెటూరి ముసలివాడనని తృణీకరించినాడని నిశ్చయించుకొంటిని. నాటినుండి అతడు వెళ్లిన పిదపగాని నేను గడప దాటలేదు. గుడి యరుగున కూర్చుండు పెద్దలు నన్ను చూచి మాటలాపినట్లు తోచెను. గుడికి పోవుట మానితిని. కోడలు కంచము పెట్టి త్వరత్వరగా ఆఫీసునకు పోవుచుండెను. నేను వారికి బరువైతి ననుకొంటిని. ఆరు నెలలలో నా లోకము ఒక మంచమునకును ఒక కిటికీకిని తగ్గిపోయెను. ఒక రాత్రి, ఇక నేను బ్రదికి యెవరికేమి యని తోచెను. మఱునాడు ఆ మాట నా నోట జాఱగా మా యబ్బాయి విని, ఆలసింపక ఒక ఆసుపత్రిలోని మానసిక నిపుణురాలికడకు నన్ను తీసికొనిపోయెను.

ఆమె చేసిన చికిత్సను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ యందురు. పొడి యక్షరములలో సీబీటీ. ఆలోచనకును ఆచరణకును చేయు చికిత్స యని మనము చెప్పుకొందము. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున ఆరన్ బెక్ అను మనోవైద్యుడు 1960వ దశకమున దీనికి పునాది వేసెను. ఆయన నూఱేండ్లు బ్రదికి 2021లో గతించెను. దిగులుతో వచ్చిన రోగుల మాటలు వినుచుండగా ఆయనకొకటి గోచరించెను: వారి మనస్సులలో కొన్ని తలపులు తమంతట తామే మెదలుచుండును; వారు వానిని పరీక్షింపకయే నిజములని నమ్ముదురు. సాధారణముగా వారమున కొక్కసారి చొప్పున ఆరు మొదలు ఇరువది పర్యాయములు ఈ చికిత్స సాగును.

ఆమె నాచేత ఒక నోటుపుస్తకమున గడులు గీయించెను. జరిగినదేమి, అప్పుడు తోచినదేమి, మనసెట్లుండెను, నేనేమి చేసితిని అని వ్రాయవలెను. పిదప, తోచినదానికి సాక్ష్యమేమి, ప్రతిసాక్ష్యమేమి అని వ్రాయవలెను. బాల్యమున తర్కసంగ్రహము వల్లించిన నాకు ఇందు క్రొత్త యేమున్నదని మొదట కొంత గర్వము కలిగెను. కొండపై పొగను చూచి నిప్పున్నదని ఊహింతుము. నిప్పు లేనిచోట పొగ యుండదు గనుక ఆ యూహ చెల్లును. ‘అతడు పలుకలేదు, కావున తృణీకరించినాడు’ అనుట అట్టిది కాదు. చెవిటివాడును పలుకడు, ఆఫీసునకు ఆలస్యమైనవాడును పలుకడు, ఇంట జబ్బుమనిషి నుంచుకొని వచ్చినవాడును పలుకడు. తృణీకారము లేనిచోటను మౌనముండును. శాస్త్రమున ఈ హేతుదోషమునకు సవ్యభిచారమని పేరు. ఇతరుల వాదమున దీనిని ఇట్టే పట్టగల నేను, నా బుద్ధిలో అది ఆరు నెలలు కాపురముండగా కానలేకపోయితిని!

తప్పు చూపినంతమాత్రమున ఈ చికిత్స ఊరకుండదు. ఊహను పరీక్షకు పెట్టించును. మెట్లపై ఎదురైనవారి నెల్ల వారము దినములు పలుకరింపుమనియు, ఎందఱు బదులు పలుకుదురో ముందుగనే వ్రాసియుంచుమనియు ఆమె చెప్పెను. ఒక్కరును పలుకరని వ్రాసితిని. ఏడుగురిలో ఐదుగురు పలికిరి. ఆ పొరుగింటి యువకుడు చెవులలోని వేవో తీసి, “బాగున్నరా సారూ? చాన దినాలైంది మిమ్ముల చూడక” అనెను. వానితో పాటలు వినుచుండెనట. గుడికడ ఒక పెద్దమనిషి మాత్రము నిజముగనే మొగము త్రిప్పుకొనెను. అదియు వ్రాసితిని. ఒకడు త్రిప్పుకొన్న మొగమును ఊరందఱి మొగముగా నెంచరాదని ఆ గడిలో ఆమె చెప్పగా చేర్చితిని.

అన్నిటికంటె కష్టమైనది కోడలి నడుగుట. దానికి నాకు మూడు వారములు పట్టెను. “మీకే మాతోని మాట్లాడుడు ఇష్టం లేదనుకున్న మామయ్యా, తలుపు ఎప్పుడూ దగ్గరికేసే ఉంటది గదా” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. నా భయము తలుపు వేయించెను. మూసిన తలుపును చూచి ఆమె దూరమయ్యెను. ఆ దూరము నా భయమునకు సాక్ష్యమయ్యెను. దీర్ఘకాలపు ఒంటరితనము ఇట్లు తనకు తానే మేత వేసికొనును.

షికాగో విశ్వవిద్యాలయపు పరిశోధకులు అంతకుముందు జరిగిన ప్రయోగములను పోల్చి 2011లో ఒక విమర్శ ప్రకటించిరి. మాటాడు నేర్పు నేర్పుట, ఆసరా కల్పించుట, నలుగురిని కలియు సందర్భములు పెంచుట, తోడివారిని గూర్చిన తప్పు తలపులను సరిదిద్దుట అను నాలుగు విధములలో, కట్టుదిట్టముగా చేసిన ప్రయోగములందు కడపటిదే మిన్నగా ఫలించెను. అట్టి ప్రయోగములు అప్పటికి కొలదిగనే యుండినవి. కావున దీనిని సర్వరోగనివారిణి యనరాదు. కాని భజనకు పంపి, అరుగుపై కూర్చుండబెట్టి, మన పని తీరినదనుకొను మన యలవాటును ఇది ప్రశ్నించుచున్నది.

ఒంటరితనమంతయు తలపులలోని తప్పే యనుటయు అన్యాయము. వినికిడి తగ్గినవానికి మొదట చెవి చూపింపవలెను. కన్నబిడ్డలు నిజముగనే విడిచిన తల్లికి నోటుపుస్తకమిచ్చి తర్కము చెప్పుట క్రూరత్వము. ఆమెకు కావలసినది కూడు, గూడు, న్యాయము. 2025లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆర్గురిలో నొకరు ఈ బాధ కలవారని ప్రకటించినది. అందఱి బాధకును మూలమొక్కటి కాదు.

మీ యిండ్లలో ఎవరైన ఇట్లు ముడుచుకొనిపోవుచున్నచో ధైర్యము చెప్పి సరిపుచ్చకుడు. ‘ఏమి చూచితివి? దానినుండి ఏమనుకొంటివి?’ అని రెండు ప్రశ్నలు వేఱువేఱుగా అడుగుడు. బ్రతుకుపై విరక్తి మాట వినబడినచో మాత్రము ఆలస్యము చేయరాదు. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ కలదు. 14416 అను సంఖ్యకు ఏవేళనైనను రుసుము లేక ఫోను చేసి తెలుగున మాటాడవచ్చును. వృద్ధుల కష్టసుఖములకు 14567 వేఱుగా నున్నది. ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యాలయము పేరు చెప్పిన మనవారు జంకుదురు. ఎల్.బి. నగరున రైలెక్కినచో బండి మాఱకయే ఎఱ్ఱగడ్డ స్టేషనులో దిగవచ్చును. ఆ రైలు దిలుసుఖనగరు మీదుగనే పోవును. అచ్చటి గదిలోనున్న మనుమని కడకు ఈసారి వచ్చినప్పుడు, వాని మార్కుల సంగతి యడుగుటకు ముందు, ఎవరితో కలిసి భోజనము చేయుచున్నాడో యడుగుడు.