కుక్కపిల్లకు నేర్పు విధము

శిశువునకు నడవడి నేర్పుట యెంత యోర్పుతో గూడిన పనియో సోదరీమణు లెఱుగుదురు. ఇంటి కుక్కకు నేర్పునప్పుడు మాత్రము ఆ యోర్పు మాయమై చేతికి కఱ్ఱ వచ్చును. నంద్యాల జిల్లాలోని గోస్పాడు వంటి సేద్యపు పల్లెలలో కుక్క యింటికిని, దొడ్డికిని, కల్లమునకును కాపు. అట్టి దానికి దెబ్బయే గురువు. “కుక్కకాటుకు చెప్పుదెబ్బ” యను సామెతయే మనకు శిక్షణశాస్త్రమైనట్లున్నది.

దెబ్బతిన్న కుక్క యేమి నేర్చునో విచారింతము. తెల్లవాఱుజామున వాకిట మలినము చేసిన దానిని ప్రొద్దెక్కిన పిమ్మట గొట్టినచో, ఆ రెంటికిని గల సంబంధము దానికి దెలియదు. కొట్టిన చేయి మాత్రము జ్ఞాపకముండును. అది తోక ముడిచి యొదుగగా, తప్పు తెలిసికొన్నదని మనము సంతసింతుము. అది పశ్చాత్తాపము గాదు, భయము. భయపడిన కుక్క తప్పించుకొను దారి లేనప్పుడు కఱచును. ఒకనాడు పసిబిడ్డ ముద్దుసేయుటకై చేయెత్తినను, అది దెబ్బ యనియే తలంచును. కావున నిది జాలికి సంబంధించిన మాట మాత్రమే కాదు, మన బిడ్డల క్షేమమునకు సంబంధించినది.

2020లో పోర్చుగల్ దేశపు పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను గూర్చిన పరిశీలనను ప్రకటించిరి. అదలింపులతోను, మెడపట్టీ కుదుపులతోను నేర్పబడిన కుక్కల లాలాజలమున, కలవరమును దెలుపు కార్టిసాల్ అను ద్రవ్యము శిక్షణానంతరము హెచ్చెను. బహుమానముతో నేర్పబడిన వానిలో నట్లు గాలేదు.

మఱి యెట్లు నేర్పవలెను? నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే పిల్లను బయటికి గొనిపోవలెను. అచ్చట పని ముగించినంతనే “భళా” యని మెచ్చి, జొన్నరొట్టె తునక యొకటి పెట్టవలెను. ఆలస్యమైన బహుమానము దానికి బోధపడదు. కూర్చుండుట నేర్పుటకు రొట్టెతునకను ముక్కు మీదుగా మెల్లగా వెనుకకు జరుపవలెను. తల యెత్తిన కుక్క తానై కూలబడును. అప్పుడే తునక నీయవలెను. మీదికి దుమికినచో మొగము త్రిప్పుకొని, నాలుగు కాళ్లును నేలనుంచినప్పుడే పలుకరింపవలెను. చెప్పులు కొఱుకకుండ వానిని దాచి, కొఱుకుట కింకొకటి యీయవలెను. పాఠము అయిదు నిమిషములకు మించరాదు. ఇంటిల్లపాది ఒకే మాట వాడవలెను. అత్తగారిదొక మాట, పిల్లలదొక మాట యైనచో కుక్క యేమి చేయును?

గుఱ్ఱుమన్నప్పుడు దండింపరాదు. అది కాటుకు ముందు చేయు హెచ్చరిక. దాని నణచినచో కుక్క హెచ్చరింపకయే కఱచును. తినుచున్న కుక్క చెంతకు బిడ్డలను బోనీయరాదు. ఏటేట రేబీసు టీకా వేయింపవలెను. ఒకవేళ కఱచినచో గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు బోవలెను.

రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగ 1960లో వెలువడిన జంతుహింసా నివారణ చట్టము, అనవసరముగ బాధ కలుగునట్లు జంతువును గొట్టుటను నేరముగ నెంచుచున్నది. అంతకు శతాబ్దముల ముందే నన్నయభారతపు ఆదిపర్వమున సరమ యను దేవశునకము కథ గలదు. యజ్ఞస్థలమున జనమేజయుని తమ్ములు తన కుమారుని నిష్కారణముగ గొట్టగా, ఆ తల్లి రాజుచెంతకు వచ్చి, అట్టివారికి ఎదురుచూడని భయములు కలుగునని చెప్పి పోయెను. మన వాకిళ్లలో ఆ భయము కుక్కకాటు రూపమున వచ్చును. దానిని రాకుండ జేయుటకు గృహిణి చేతిలోని రొట్టెతునక చాలునని మా మనవి.