రీవైండింగ్ తర్వాత నీళ్లు తగ్గాయా? ఫిల్టర్ పాయింట్ మోటారుని ఈ వరుసలో చూడండి



వేసవిలో మోటారు కాలితే ముదురు కొబ్బరి కొన్నాళ్లు ఓర్చుకుంటుంది గానీ, కింద పెట్టిన అరటి పిలకలు, కోకో మొక్కలు ఓర్చుకోవు. అందుకే హడావుడిగా వైండింగ్ చేయించి బిగించేస్తాం. మోటారు తిరుగుతుంది, నీళ్లు మాత్రం ముందులా రావు. డ్రిప్ చివరి లైన్లకి నీరందదు, వెంచురీ జీవామృతాన్ని లాగదు. వెంటనే వైండింగ్ చేసినతన్ని అనుమానిస్తాం. చాలాసార్లు తేడా వైండింగ్‌లో ఉండదు, విప్పి మళ్లీ బిగించిన చోట ఉంటుంది. మళ్లీ షాపుకి మోసుకెళ్లే ముందు ఇవి చూడండి. వైర్లు ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి.

1. తిరిగే దిక్కు

త్రీఫేజ్ మోటారుకి వైర్లు అటుఇటు అయితే వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగినా ఈ పంపు కొంత నీరు పోస్తుంది, అక్కడే మోసపోతాం. పంపు మీద బాణం గుర్తు ఉంటుంది. ఒక్క క్షణం ఆన్ చేసి ఆపి, ఫ్యాన్ ఎటు తిరుగుతుందో చూడండి. తేడా ఉంటే ఏవైనా రెండు వైర్లు మార్చితే చాలు. వెనక్కి ఎక్కువసేపు నడిపితే ఇంపెల్లర్ వదులైపోవచ్చు.

2. సక్షన్‌లో గాలి

దిక్కు సరిగానే ఉండి, నీళ్లు ఆగి ఆగి బుడగలతో వస్తుంటే గాలి లాగుతోందని అర్థం. పైపు విప్పినప్పుడు పాత వాషరే మళ్లీ వేసి ఉంటారు. సక్షన్ వైపు లీకు నుంచి నీరు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కంటికి కనపడదు. మోటారు నడుస్తుండగా ప్రతి జాయింటుకీ తడి బంకమట్టి గానీ పేడ ముద్ద గానీ మెత్తండి. షాఫ్ట్ దగ్గరికి మాత్రం చెయ్యి పోనివ్వకండి. ఎక్కడ మెత్తగానే ధార పెరిగిందో లీకు అక్కడే. గ్లాండ్ తాడు ఉన్న పంపయితే అక్కడ చుక్కచుక్కగా నీరు కారాలి. మరీ బిగిస్తే తాడు కాలుతుంది, వదిలేస్తే గాలి లాగుతుంది.

ఇంకోటి, ఎండాకాలం నీటిమట్టం దిగుతుంది. పైన పెట్టిన పంపు 20-25 అడుగుల లోతు దాటితే సరిగా లాగలేదు. అది రిపేరు లోపం కాదు.

3. ఆంప్స్

టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజులూ చూడండి. దాదాపు సమానంగా, నేమ్ ప్లేట్ అంకె దాటకుండా ఉండాలి. ఒకదానిలో 10 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే, మెయిన్ ఆపి మూడు వైర్లనీ వరుస తప్పకుండా ఒక్కో స్థానం జరపండి. దిక్కు మారదు. ఎక్కువ ఆంప్స్ అదే లైనులో ఉండిపోతే లోపం కరెంటు సరఫరాలో ఉంది. మోటారు కొసతోపాటు జరిగితే వైండింగ్‌లో ఉంది. షాపుకెళ్లాల్సింది అప్పుడే. మూడూ ఎక్కువ ఉంటే వోల్టేజ్, బేరింగ్, ఇంపెల్లర్ రాపిడి, స్టార్-డెల్టా కనెక్షన్ చూడాలి. మూడూ తక్కువగా ఉండి నీరూ తక్కువైతే మళ్లీ గాలి దగ్గరికే రండి.

4. అసలు ఎందుకు కాలింది?

ఇది తేల్చకపోతే కొత్త వైండింగూ కాలుతుంది. ఒక ఫేజ్ పోయినా మోటారు మూలుగుతూ నడుస్తుంది, నిమిషాల్లో కాలుతుంది. స్టార్టర్‌లో రిలే నేమ్ ప్లేట్ ఆంప్స్‌కి సెట్ అయి ఉందా, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పనిచేస్తోందా చూడండి. పనిలేదని డైరెక్ట్ చేసేసిన ప్రివెంటర్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి.

5. పెద్ద మోటారు ఆలోచన వద్దు

నీళ్లు తగ్గాయని 3 హెచ్.పి. తీసి 5 పెట్టేవాళ్లున్నారు. సఖినేటిపల్లి, మలికిపురం లాంటి సముద్రం దగ్గరి మండలాల్లో మంచినీరు ఉప్పునీటి మీద పొరలా ఉంటుంది. గట్టిగా లాగితే కింది ఉప్పు పైకొస్తుంది. ఎన్నేళ్లు జీవామృతం పోసి పెంచుకున్న మట్టయినా ఉప్పుకి దెబ్బతింటుంది. రిపేరు తర్వాత ఒకసారి టి.డి.ఎస్. మీటర్ పెట్టి చూసుకోండి.

చివరగా, మోటారు బాగున్న రోజునే 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో, మూడు ఫేజుల ఆంప్స్ ఎంతో షెడ్డు గోడ మీద పెయింటుతో రాసి పెట్టండి. ఈసారి తేడా వస్తే ఆ గోడే చెబుతుంది. వైర్లు జరిపే పద్ధతి వీడియోలో నెమ్మదిగా చూపించాను, కరెంటు పని తెలిసినవాళ్లని పక్కన పెట్టుకునే చేయండి.