పట్టా లేని పనితనం

డిగ్రీ లేనివాడు కట్టిందంతా పిచ్చిపని అనుకోవడం పొరపాటని లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ టవర్స్ చెబుతాయి. ఇటలీ నుంచి వలస వచ్చిన టైల్స్ మేస్త్రీ సైమన్ రోడియా 1921 నుంచి 1954 దాకా ఒంటిచేత్తో వీటిని లేపాడు. వెల్డింగ్ లేదు, బోల్టులు లేవు. ఉక్కు ఊచలకు తీగ వల చుట్టి, సిమెంటు పూసి, అది ఆరకముందే సీసా పెంకులు, ఆల్చిప్పలు, టైల్స్ ముక్కలు అద్దాడు. అన్నిటికన్నా ఎత్తయినది దాదాపు 30 మీటర్లు.

కూలితే ప్రాణాలకు పూచీ ఎవరిదన్న అభ్యంతరం న్యాయమైనదే. అధికారులు కూల్చివేతకు ఆదేశించిందీ అందుకే. జవాబు పరీక్షలో దొరికింది. 1959లో 10,000 పౌండ్ల బలంతో లాగినా టవర్ కూలలేదు, కూల్చివేత ఆగింది. 1990లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపూ వచ్చింది. కట్టినవాడి చదువును కాదు, కట్టడాన్ని పరీక్షించి తీర్పు చెప్పాలి.