తుపాకుల కోసం కొన్న తోట

మా నెల్లూరు వాళ్ళకి ఆదివారం షికారంటే మైపాడే. పిల్లల్నీ, పులిహోర డబ్బానీ వెంటేసుకుని సముద్రానికి వెళ్ళడం, చీకటి పడేలోగా ఇల్లు చేరడం. ఆ దారికి కాస్త ఎడంగా పెన్నేటి ఒడ్డున పల్లిపాడు అనే చిన్న ఊరుంది. ఇందుకూరుపేట మండలం. ఆ పేరు వినే ఉంటాం గానీ, బండి అటు తిప్పిన వాళ్ళం తక్కువ.

ఆ ఊరి సంగతి చెప్పేముందు ఇదే పెన్నకి ఆవలి ఒడ్డున ఉన్న పాటూరు గురించి రెండు మాటలు చెప్పాలి. కోవూరు దగ్గరి ఈ ఊరు ఇప్పుడు నేత చీరలకి పేరు. ఏడు వందల ఏళ్ళ పైమాటే, భారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన సోమయాజి కుటుంబం ఇక్కడిదేనని చెబుతారు. ఆయన పెదనాన్న కొడుకు పేరూ తిక్కనే. ఈయన కలం పడితే ఆయన కత్తి పట్టాడు. అందుకే ఖడ్గతిక్కన అన్నారు.

పశువుల మేతకి కట్టాల్సిన పుల్లరి దగ్గర కాటమరాజుకీ, నెల్లూరు రాజు మనుమసిద్ధికీ తగువొచ్చింది. యుద్ధానికి వెళ్ళిన ఖడ్గతిక్కన సైన్యం పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చాడు. అప్పుడు భార్య చానమ్మ ఆయన స్నానానికి మంచం చాటు కట్టి, నీళ్ళ పక్కన పసుపు ముద్ద పెట్టిందట. ఆడదానిలా వచ్చావని చెప్పడం అన్నమాట. తల్లి అన్నంలో విరిగిన పాలు పోసి, నీలాగే పాలూ విరిగాయంది. ఆ మాట పడలేక ఆయన మళ్ళీ యుద్ధానికి వెళ్ళి ప్రాణం వదిలాడు. చిన్నప్పుడు ఈ కథ విని మనం ఎంత పొంగిపోయేవాళ్ళమో! ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిగా తలుచుకుంటే పొంగు రావడం లేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి యుద్ధం మీద ఉన్న హక్కల్లా మగవాణ్ణి అందులోకి తోయడమే. యుద్ధం కావాలా, వద్దా అని వాళ్ళని అడిగిన వాళ్ళెవరు?

పల్లిపాడు కథలో మాత్రం ఆ నిర్ణయం ఒక ఆడమనిషి చేతికొచ్చింది. ఆమె పొణకా కనకమ్మ గారు.

కనకమ్మ గారు 1892లో మినగల్లులో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళయి నెల్లూరికి దగ్గరి పొట్లపూడికి కోడలుగా వచ్చారు. బడి చదువు లేదు. భూములూ, పాడీ, వచ్చేపోయే జనం ఉన్న పెద్ద సంసారం. అందులోనే తీరిక చేసుకుని తెలుగూ, సంస్కృతం సొంతంగా నేర్చుకున్నారు. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ గారితో కలిసి పద్యాలు రాసి జంటకవయిత్రులనిపించుకున్నారు. పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం పెట్టి, పల్లెటూళ్ళో గ్రంథాలయం నడిపారు.

ఆ రోజుల్లో దేశంలో కొందరు యువకులు ఆయుధం పడితే తప్ప తెల్లవాడు పోడని నమ్మేవారు. కనకమ్మ గారూ ఆ దారి నమ్మారు. రహస్య విప్లవ కార్యక్రమాల కోసం పల్లిపాడులో పెన్న ఒడ్డున పదమూడు ఎకరాల తోట కొన్నారు. ఊరికి దూరం, చెట్ల చాటు, పక్కనే ఏరు. అలాంటి పనికి అంతకన్నా అనువైన చోటేముంటుంది చెప్పండి?

ఈలోగా గాంధీగారి మాట ఆమె చెవిన పడింది. మనసు మారింది. మనసు మారితే చాలామందిమి మాటలు మారుస్తాం. ఆమె తోటనే ఇచ్చేశారు. చతుర్వేదుల వెంకటకృష్ణయ్య గారూ, దిగుమర్తి హనుమంతరావు గారూ ఆ నేల మీద ఆశ్రమం కట్టారు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారే వచ్చి ప్రారంభించారు. పెన్నకి ఉన్న ఇంకో పేరుతో అది పినాకినీ సత్యాగ్రహాశ్రమం అయింది. తుపాకులు దాచాల్సిన చోట రాట్నాలు తిరిగాయి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అత్తగారినీ, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. దారి పొడుగునా వరి మళ్ళు, మధ్యమధ్య రొయ్యల గుంటలు. ఆశ్రమం దగ్గర మాత్రం చప్పుడే లేదు. చెట్ల నీడ, పాతకాలపు భవనం, ఏటి మీంచి వచ్చే గాలి. చాలాకాలం ఆలనాపాలనా లేకుండా పడి ఉన్న ఈ చోటుని తర్వాత నెల్లూరు రెడ్‌క్రాస్ వారు చేతికి తీసుకున్నారు.

నేను కథంతా చెబుతుంటే మా అమ్మాయి “తుపాకులా? ఆవిడా?” అని కళ్ళు పెద్దవి చేసింది. కాసేపయ్యాక, “ఇంత చేస్తే ఆవిడ పేరు మా పుస్తకాల్లో లేదేం?” అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని వింటున్న మా అత్తగారు అన్నారు: “అమ్మాయ్, తోట ఇచ్చిందని మెచ్చుకుంటున్నావు సరే. ఇవ్వాలంటే ముందు మన చేతిలో ఏదన్నా ఉండాలి గదా! మా కాలంలో మాకు బియ్యం డబ్బాలో దాచుకున్న చిల్లర తప్ప ఏముండింది?”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కనకమ్మ గారికి అది తెలుసనుకుంటాను. అందుకే తోట ఇచ్చి ఊరుకోలేదు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. అదే కస్తూరిదేవి విద్యాలయం. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. చదువుతో పాటు చేతిపనులూ నేర్పించారక్కడ. ఆడపిల్ల చేతికి అక్షరమూ, నాలుగు రూకలు తెచ్చే పనీ రెండూ ఉండాలని ఆనాడే అనుకున్నారన్నమాట. ఉద్యమంలో ఆమె 1930లోనూ, 1932లోనూ జైలుకి వెళ్ళొచ్చారు. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే పోయింది. ఆ కడుపుకోతలోనూ బడిని వదల్లేదు. 1963లో కన్నుమూశారు. ఆమె రాసుకున్న స్వీయచరిత్ర ‘కనకపుష్యరాగం’ పుస్తకంగా మన చేతికొచ్చేసరికి 2011 అయింది. దాదాపు యాభై ఏళ్ళు!

ఒకే ఏటికి అటొక ఊరు, ఇటొక ఊరు. పాటూరు ఇల్లాళ్ళ పసుపు ముద్దని ఏడు వందల ఏళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాం. వందేళ్ళ కిందటి పల్లిపాడు తోట సంగతి మాత్రం మన పిల్లలకి తెలియదు. కథని పాఠ్యపుస్తకం మోయకపోతే అమ్మలూ, అమ్మమ్మలూ మోయాలి. పిల్లలకి సెలవులిచ్చినప్పుడు ఒక్క పూట అక్కడ గడపండి. చూడ్డానికి పెద్ద వింతలేం ఉండవు. చెట్ల కింద కూర్చుని అన్నం తింటూ ఈ కథ చెప్పండి. చెప్పాక మా అత్తగారి ప్రశ్న కూడా మీ ఆడపిల్లల ముందుంచండి: “నీ చేతిలో నీది అంటూ ఏముందమ్మా?”