అండమాన్ వెళ్లే కొత్త జంటలూ.. ముహూర్తంతో పాటు రుతువూ చూసుకోండి!

జహీరాబాద్: పెళ్లి పందిరి తీసి, ఒడిబియ్యం, వ్రతాలు ముగిసిన మరుసటి వారమే విహారయాత్రకు బయలుదేరడం పట్టణాలకే పరిమితమైన వేడుక కాదిప్పుడు. ఒకప్పుడు ఊటీ, గోవాలతో సరిపెట్టుకున్న ఈ ప్రాంత యువత చూపు బంగాళాఖాతంలోని అండమాన్ దీవుల వైపు మళ్లుతోంది. పాస్‌పోర్టు అక్కరలేదు, హైదరాబాద్ నుంచి విమానంలో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. అయితే చెరకు డబ్బులో, జీతంలో మిగిల్చిందో కూడబెట్టి జీవితంలో ఒక్కసారి చేసే ఈ యాత్ర గది కిటికీలోంచి వాన చూడడంతోనే ముగిసిపోయే ప్రమాదం ఉంది. దానికి కారణం మన పంచాంగమే.

మన దగ్గర పెళ్లిళ్లు ఎక్కువగా మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో జరుగుతాయి. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లే ఆచారం ఉన్నందున, వైశాఖంలో పెళ్లయిన జంటలు ఆలోపే యాత్ర ముగించుకోవాలని తొందరపడతాయి. అంటే మే నెలాఖరు, జూన్. మన మండలాల్లో రైతులు ఇంకా మబ్బు కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో అండమాన్‌లో జోరువాన కురుస్తుంటుంది. నైరుతి రుతుపవనాలు సాధారణంగా మే మూడో వారానికే ఆ దీవులను తాకుతాయి. ఏజెంట్లు ఆ నెలల్లో సగం ధరకే ప్యాకేజీ ఇస్తామనడంలోని మర్మం ఇదే. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే దీవుల మధ్య ఓడలు ఆపేస్తారు. నీటి క్రీడలను నిలిపివేస్తారు. కట్టిన డబ్బు తిరిగి రావడం గగనమే.

చలికాలమైనా పూర్తి భరోసా లేదు. 2016 డిసెంబరులో వాయుగుండం కారణంగా హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోగా, నౌకాదళం, తీర రక్షక దళం రంగంలోకి దిగి వారిని ఒడ్డుకు చేర్చాయి. అందువల్ల జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఉన్న కాలమే ఉత్తమం. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయినవారు నిశ్చింతగా వెళ్లవచ్చు. వైశాఖపు జంటలు సంక్రాంతి దాటేదాకా ఆగితే పోయేదేమీ లేదు. ఎప్పుడు వెళ్లినా తిరుగు విమానానికి ముందురోజు రాత్రికే పోర్ట్‌బ్లెయిర్ చేరేలా చూసుకోవాలి. ఆ రోజు ఉదయమే హేవ్‌లాక్ నుంచి ఓడ ఎక్కి నేరుగా విమానం అందుకోవాలనుకోవడం జూదమే.

పేర్లు మారాయి

టికెట్లలో, బోర్డులపై కనిపించే పేర్లు కొంత గందరగోళపరుస్తాయి. హేవ్‌లాక్ దీవిని స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా 2018 డిసెంబరులో మార్చారు. రాజధాని పోర్ట్‌బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. జనం నోట మాత్రం పాత పేర్లే నానుతున్నాయి.

టికెట్టు విషయంలో మరో జాగ్రత్త. పెళ్లికి ముందే టికెట్టు తీసేటప్పుడు ఉత్సాహం కొద్దీ వధువు పేరుకు అత్తింటి ఇంటిపేరు చేర్చేస్తుంటారు. ఆధార్‌లో పుట్టింటి పేరే ఉంటుంది. రెండూ సరిపోలకపోతే శంషాబాద్‌లో గుమ్మం దగ్గరే ఆపివేస్తారు. గుర్తింపు కార్డులో ఉన్న పేరే టికెట్టులో ఉండాలి. తెల్లవారుజామున విమానమైతే జహీరాబాద్ నుంచి అర్ధరాత్రికే బయలుదేరవలసి ఉంటుంది. ముంబయి రహదారి మీదుగా ముత్తంగి వద్ద ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ చేరుకోవచ్చు.

ఐదింటికే చీకటి

అండమాన్ వెళ్లినవారిని మొదట తికమకపెట్టేది సూర్యుడే. జహీరాబాద్ కన్నా పోర్ట్‌బ్లెయిర్ సుమారు 15 డిగ్రీలు తూర్పున ఉంది. అంటే సూర్యుడు అక్కడ గంట ముందే ఉదయించి గంట ముందే అస్తమిస్తాడు. గడియారం మాత్రం మనదే. డిసెంబరు, జనవరిల్లో సాయంత్రం ఐదు, ఐదుంపావుకే సూర్యాస్తమయమవుతుంది. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి తీరానికి వెళ్దామనుకుంటే చీకటే మిగులుతుంది. ఉదయం ఐదున్నరకల్లా లేవగలిగిన జంటకే అండమాన్ పూర్తిగా దక్కుతుంది.

హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమ తీరంగా పేర్కొంది. 2020లో దానికి బ్లూఫ్లాగ్ గుర్తింపు కూడా లభించింది. పడమటి వైపున ఉన్నందున సూర్యాస్తమయానికి ఇది ప్రసిద్ధి. నాలుగింటికల్లా చేరుకోవాలి. సూర్యోదయానికి తూర్పున ఉన్న కాలాపత్తర్ తీరం అనువైనది. ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో వెళ్లి, ముఖానికి అద్దం తగిలించుకొని నీటిలో తేలుతూ పగడపు దిబ్బలను, రంగురంగుల చేపలను చూడవచ్చు. ఈత రానివారినీ శిక్షకులు సముద్రం లోపలికి తీసుకెళ్తారు. అయితే ఆక్సిజన్ సిలిండరు అని మనవాళ్లు పిలిచే గాలి సిలిండరుతో లోతుకు దిగాక కనీసం 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కరాదు. కనుక దానిని చివరి రోజుకు పెట్టుకోకూడదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి, దాచితే ప్రాణానికే ముప్పు.

నీల్ చిన్న దీవి. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ తీరాలను ఒక్క రోజులో చుట్టిరావచ్చు. అక్కడి సహజ శిలాతోరణం వద్దకు ఆటు సమయంలోనే నడిచి వెళ్లడం సాధ్యం. ఆ వేళ ఎప్పుడో ముందురోజే హోటల్‌లో అడిగి తెలుసుకోవాలి.

మొసళ్ల హెచ్చరిక బోర్డులను అలంకారమనుకోరాదు. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి దాడిలో మరణించింది. మడ అడవులు, కాలువలు సముద్రంలో కలిసే చోట్ల నీటిలోకి దిగకూడదు.

బారాటాంగ్‌లోని సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం చూడదగినవే. కానీ దారి జరావా ఆదివాసుల అభయారణ్యం గుండా సాగుతుంది. జిర్కాటాంగ్ వద్ద వాహనాలను బారుగా నిలిపి, నిర్ణీత వేళల్లోనే పంపుతారు. మధ్యలో ఆగడం, ఫొటోలు తీయడం, వారికి తినుబండారాలివ్వడం శిక్షార్హమైన నేరాలు. జరావాలను చూపిస్తామని ఆశపెట్టే ఏజెంటును అక్కడే వదిలేయడం మంచిది.

కాలాపానీలో మనవాడు

కొత్త జంటకు జైలు ఎందుకని కొందరు సెల్యులార్ జైలును జాబితా నుంచి తీసేస్తుంటారు. అది సరికాదు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ జైలుకు ఏడు బారులుండగా ఇప్పుడు మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఇక్కడి ఖైదీయే. ఈ జైలు కట్టకముందే, 1857 జులై 17న హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. పాత హైదరాబాద్ రాజ్యంలో భాగమైన జహీరాబాద్ వారికి ఆ నేల పరాయిది కాదు. సాయంత్రం శబ్ద కాంతి ప్రదర్శన హిందీలో ఉంటుంది.

భోజనం మాటేమిటి?

హిందీ అక్కడ అందరి భాష కనుక దక్కనీ వినీ మాట్లాడీ అలవాటున్న మనవారికి ఇబ్బంది లేదు. తెలుగుకూ కొదవలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3.8 లక్షల జనాభాలో సుమారు 13 శాతం మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలే వీరిలో ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వారి అడ్డా. ఉదయాన్నే అక్కడికి వెళితే పడవల నుంచి చేపలు దిగుతుంటాయి, వేలం కేకలు తెలుగులో వినిపిస్తాయి.

శాకాహారులకు అబర్దీన్ బజార్‌లోని అన్నపూర్ణ హోటల్ పాత పరిచయం. ఇడ్లీ, దోశ, భోజనం దొరుకుతాయి. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత అక్కడికి తరలించిన మాప్పిళ్ల సంతతి వారూ ఉన్నందున బిర్యానీకీ లోటుండదు, మన బిర్యానీ రుచిని మాత్రం ఆశించరాదు. హేవ్‌లాక్, నీల్‌లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే అధికం. అందుకే అక్కడ చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, వేపుడు, ఆవాలు నూరి పోసిన చేపల కూరతో బెంగాలీ భోజనం పెడతారు. తీరం వెంబడి రిసార్టుల్లో చెల్లించేదానిలో చిన్న వంతుకే కడుపు నిండుతుంది. పెద్ద రొయ్యలు, పీతలు తూకం లెక్కన అమ్ముతారు. వండమనే ముందు బరువు, ధర రెండూ అడగాలి. బిల్లు చూశాక గొడవపడితే లాభం లేదు.

కూరగాయలు చాలావరకు ఓడల్లో రావాల్సిందే కనుక ధరలు ఎక్కువ. నీల్ దీవిలో మాత్రం స్థానికంగా బాగా పండుతాయి. జొన్నరొట్టె దొరకదు. సకినాలో, అటుకులో ఒక డబ్బా వెంట ఉంటే ఓడ ఆలస్యమైన పూట ఆదుకుంటాయి. ఓడ ఎక్కే ముందు నూనె పదార్థాలు తినకూడదు, వాంతులవుతాయి. 2020లో చెన్నై నుంచి సముద్ర గర్భ కేబుల్ వేశాక ఫోన్లు మెరుగుపడినా, చిన్న దీవుల్లో నగదు చేతిలో ఉండడమే క్షేమం.

తీరంలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోవద్దు. విమానాశ్రయ తనిఖీలో పట్టుబడితే స్వాధీనం చేసుకోవడమే కాక కేసూ పెట్టవచ్చు. గవ్వల వస్తువులు కావాలంటే ప్రభుత్వ సాగరిక దుకాణంలో కొని, బిల్లును ఇల్లు చేరేదాకా దగ్గరే ఉంచుకోవాలి.